కొత్త ఇంజనుకు మొదటి పది దినములు



జూన్ నెలాఖరున ఉప్పాడ తట్టు ఒక పల్లె నుండి ఒక తల్లి వ్రాయించిన ఉత్తరం నాకు అందింది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి గనుక వ్రాసినది బడికి వెళ్ళే మనుమరాలై ఉంటుంది. పేరు, ఊరు వేయవద్దని కోరారు గనుక వేయడం లేదు. ఈ పత్రిక అచ్చయి చేతికి వచ్చేవరకు ఆగే సంగతి కాదది. అందుచేత ఆమెకు అప్పుడే వేరుగా జవాబు వ్రాశాను. అయితే సముద్రపు ఒడ్డున ఉన్న మన కుటుంబములలో ఏటేటా ఎవరో ఒకరు కొత్త ఇంజను కొంటూనే ఉంటారు. వారి నిమిత్తం ఆ జవాబునే ఇక్కడ కొంచెం విపులంగా వ్రాస్తున్నాను.

ఉత్తరంలోని సంగతి ఇది. ఆమె భర్త లేరు. పెద్ద కుమారుడు పదకొండేళ్ళు ఇతరుల పడవల మీద కలాసీగా వెళ్ళాడు. ఈ వేసవిలో సొంతంగా ఒక ఫైబరు పడవ, పది హార్సుపవరు డీజిలు ఇంజను కొన్నాడు. దానికి ఆమె మెడలోని గొలుసు, కోడలి గాజులు తాకట్టుకు వెళ్ళాయి. మిగిలినది సావుకారు ఇచ్చాడు. పడిన చేప అంతా ఆయనకే పోయాలని ఒప్పందం.

మన తూర్పు తీరంలో వేట నిషేధం 2015 నుండి 61 దినములు ఉంటున్నది, ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు. రెండు నెలలు ఒడ్డున కూర్చున్న ఇళ్ళలో గంజి ఎలా కాగుతుందో నేను వ్రాయనక్కరలేదు. జూన్ 15 తెల్లవారుజామున పల్లెలోని పడవలన్నీ వెళ్ళాయి. ఈమె కుమారుడూ వెళ్ళాడు. ఇక ఆమె మాటలలోనే:

"అందరూ చేపతో వచ్చారయ్యా. మావాడు వాకలపూడి లైటుహౌసు తట్టు దాకా పోయి ఉత్త చేతులతో వచ్చాడు. మర్నాడూ అంతే. ముగ్గురు మనుషులు, ఒక చిన్న వల. కాసేపు మెల్లగా, కాసేపు గట్టిగా, మళ్ళీ మెల్లగా, సముద్రంలో షికారు చేసినట్టు తిప్పుతున్నాడు. ఏంట్రా అంటే ఇంజను రన్నింగులో ఉందమ్మా అంటాడు. వీడికి సొంత పడవంటే భయం పట్టుకుందని మా తమ్ముడు నవ్వుతున్నాడు. సావుకారి మనిషి రెండుసార్లు వచ్చి ఎల్లాడు. డీజిలు కాలిపోతోంది. మీరు ముందు ఇంజను పని చేసినోరంట. మీ మాటయితే వింటాడు. వాడికి కొంచెం బుద్ధి చెప్పండి."

అమ్మా, మీ అబ్బాయి చేస్తున్నది సరియైన పని. అతనికి ఎవరు నేర్పారో గాని బాగా నేర్పారు. బుద్ధి చెప్పవలసి వస్తే మీ తమ్ముడుగారికి చెప్పాలి. ఒక దినం సావుకారి మనిషికి కూడ ఈ సంగతి వివరించగలిగితే మంచిది.

రన్నింగు అనేది మెకానిక్కుల మాట. వెనుకటి రోజులలో కొత్త కారు కొన్నవారు వెనుక అద్దం మీద "రన్నింగ్ ఇన్" అని కాగితం అంటించుకునేవారు. ఈ బండి ఇప్పుడు జోరుగా నడవదు, మీరు దాటి వెళ్ళండి అని దాని భావం. పడవకు అలాంటి కాగితం అంటించే చోటు లేదు. అందుకే పల్లె నవ్వుతుంది.

ఇంజను లోపల ఒక గుండ్రని గొట్టం ఉంటుంది. అందులో పిస్టను పైకి క్రిందికి ఆడుతుంది. పిస్టను చుట్టూ గాజులవంటి ఇనుప రింగులు ఉంటాయి. పైన మండే డీజిలు బలం క్రిందికి జారిపోకుండా, క్రింద ఉన్న ఆయిలు పైకి ఎక్కకుండా కాపాడేవి ఈ రింగులే. ఇంజను బలమంతా ఈ సన్నని గాజులు గొట్టం గోడకు ఎంత బాగా ఆనుకున్నాయి అనే దానిమీద ఉన్నది.

కొత్త ఇంజనులో అవి ఇంకా పూర్తిగా ఆనుకొని ఉండవు. కొత్త గోడ నునుపుగా ఉండదు. దానిమీద సన్నని గీతలు ఏటవాలుగా, ఒకదానినొకటి దాటుతూ, వల కన్నులవలె ఉంటాయి. అవి పొరపాటున పడినవి కావు, ఫ్యాక్టరీలో కావాలని గీసినవే. ఆ గీతలలో ఆయిలు నిలుస్తుంది. గీతల అంచులమీద రింగు రాసుకొని, ఆ అంచులు కొద్దిగా అరిగి, రింగూ కొద్దిగా అరిగి, ఒకదానికొకటి సరిపోతాయి. ఇల్లాండ్రకు ఇది తెలిసిన పనే. కొత్త రోలు తెచ్చిన దినమే ఎవరూ దానిలో పప్పు రుబ్బరు. తవుడు వేసి, ఊక వేసి, రాతిపొడి పోయేవరకు నూరి, కడిగి, అప్పుడు గదా పిండి రుబ్బుతారు. రోలుకు గంట్లు పెట్టించేది ఎందుకో కూడ మీకు తెలుసు. నున్నగా అరిగిన రోలులో పప్పు జారిపోతుంది గాని నలగదు.

ఇంజనుకు ఈ సరిపోయే పని ఎక్కువ భాగం మొదటి గంటలలోనే జరుగుతుంది. అప్పుడు చెడిపోతే తరువాత ఎంత మెల్లగా నడిపినా తిరిగి రాదు. నిమిషానికి 3000 చుట్లు తిరిగే చిన్న ఇంజను ఒక్క గంటలో 1,80,000 చుట్లు తిరుగుతుంది. అరిగేది అరగక మానదు. అది సమంగా అరగాలన్నదే మన శ్రద్ధ.

రెండు విధాల చెడగొట్టవచ్చు. ఒకటి అందరికీ తెలిసినది. మొదటి దినమే పూర్తి రేజులో, నిండు బరువుతో నడపడం. అప్పుడు ఇంకా సరిపోని చోట్ల రాపిడి ఎక్కువై, వేడి పుట్టి, ఆయిలు పొర తెగిపోతుంది. ఇనుము ఇనుమును గీరుతుంది. మరీ మించితే పిస్టను పట్టేస్తుంది.

రెండవది చాలామందికి తెలియదు. కొందరు భక్తిగా, కొత్త ఇంజను కదా అని, అయిదారు గంటలు సన్నని ఉయ్యాల చప్పుడులో వదిలిపెడతారు. వల లాగుతున్నంతసేపు ఇంజను ఊరకే తిరుగుతూనే ఉంటుంది. అదీ హానియే. రింగు తన స్వంత బిగువుతోనే గోడను నొక్కదు. పైన మండిన గాలి రింగు వెనుకకు దూరి దానిని గోడకు నొక్కుతుంది. భారం లేకపోతే ఆ నొక్కుడు లేదు. రింగు తేలిపోతూ ఉంటుంది, ఆయిలు పైకి ఎక్కి గోడమీద కాలి, వార్నీషు పూసినట్లు పొర కడుతుంది. గీతలు పూడిపోయి గోడ గాజువలె అవుతుంది. ఇక ఆ ఇంజను జీవితమంతా ఆయిలు త్రాగుతుంది, నీలం పొగ వదులుతుంది.

కోడెను కాడికి అలవాటు చేసేవారు ఏమి చేస్తారో చూడండి. మొదటి దినమే ధాన్యపు బండికి కట్టరు. అలాగని కొట్టంలో కట్టివేసి మేత వేస్తూ కూర్చుంటే అది కాడి నేర్చుకోదు. తేలిక మాను ఒకటి కట్టి, కొంత దూరం లాగించి, నిలిపి, మళ్ళీ లాగిస్తారు. మీ అబ్బాయి కాసేపు మెల్లగా, కాసేపు గట్టిగా, మళ్ళీ మెల్లగా నడుపుతున్నాడని వ్రాశారే, అదే ఇది.

ఇంత నిశ్చయంగా ఎందుకు చెప్పగలుగుతున్నానంటే, మా యింటి సంగతి ఒకటి ఉన్నది.

1988లో మా అన్నయ్య కర్ర నావకు ఇంజను పెట్టించాడు. నేను అప్పటికి కాకినాడలో ఒక షెడ్డులో పని నేర్చుకుంటూ రెండేళ్ళయింది. ఇంజను బిగించిన దినమున మా మేస్త్రి నాతో, "మీ అన్నయ్యకు చెప్పు. మొదటి పది దినాలు సగం రేజు దాటొద్దు. దూరం పోవద్దు" అన్నాడు. సాయంకాలం ఇంటికి వెళ్ళేసరికి రొయ్య పడిందన్న కబురు పల్లెంతా ఉన్నది. మా నాన్న ఏడుగురు మనుషులను మాట్లాడి, ఉన్న వలలన్నీ నావలోకి ఎక్కించి ఉన్నాడు. భోజనాల దగ్గర నన్ను చూచి, "ఏరా, మీ మేస్త్రి ఏమన్నాడు?" అని అడిగాడు.

నేను చెప్పలేదు. "బాగానే ఉందన్నాడు" అన్నాను. నాన్న ముఖంలోని సంతోషం చూచి నోరు రాలేదని అనుకునేవాడిని. నిజమేమంటే ఆ క్రిస్మసుకు నాకు ప్యాంటు కుట్టిస్తానని అన్నయ్య మాట ఇచ్చి ఉన్నాడు. పది దినాలు రొయ్య పోతే ప్యాంటు పోతుందని నాకు తెలుసు.

అన్నయ్య తెల్లవారుజామున పూర్తి రేజులో వెళ్ళాడు. ఆ వారమంతా మా యింట పండుగే. ఇంజను గుర్రంలా ఉందని అందరూ మెచ్చుకున్నారు. మూడవ వారం నుండి నీలం పొగ. దినమునకు లీటరు ఆయిలు పోసినా చాలడం లేదు. దసరాలు దాటిన తరువాత ఒక సాయంకాలం తిరిగి వస్తుండగా సముద్రం మధ్యలో ఇంజను పట్టేసింది.

ఆ కాలంలో మన తీరాన నీటి లాగుడు దక్షిణానికి ఉంటుంది. నావ రాత్రంతా కొట్టుకొనిపోయింది. సెల్‌ఫోను లేని రోజులు. మా అమ్మ ఒడ్డున లాంతరు పట్టుకొని కూర్చున్నది, ప్రక్కన మరి ఆరుగురి భార్యలు, తల్లులు. నేను వారి వెనుక నిలబడ్డాను. వారెవరికీ తెలియనిది నాకు ఒక్కడికే తెలుసు. మరునాడు మధ్యాహ్నం భైరవపాలెం మొగ తట్టున వేరొక పడవవారు చూచి తాడు కట్టి లాక్కొని వచ్చారు. ఏడుగురూ క్షేమం. ఆ రాత్రి సముద్రం శాంతంగా ఉన్నది. తుఫానులు వచ్చే నెలలవి, వేరే రాత్రి అయితే ఏమయ్యేదో.

ఇంజనును షెడ్డుకు తెచ్చి నేనే విప్పాను. గోడమీద ఒక్క గీత మిగలలేదు. మెరిసిపోతున్నది, ఒక ప్రక్క నిలువునా గీరుకుపోయి ఉన్నది. మా నాన్న వంగి చూచి, "అద్దంలా ఉంది కదరా, దీనికేమయింది?" అన్నాడు. ఆ అద్దమే జబ్బు అని మేస్త్రి చెప్పాడు. కొత్త గొట్టం, పిస్టను, రింగులు వేయించడానికి మా అమ్మ చేతి కడియాలు పోయాయి. అన్నయ్య నన్ను ఒక్క మాట అనలేదు. మేస్త్రి నాతో చెప్పిన సంగతి అతనికి తెలిసినదో లేదో ఈనాటికీ నాకు తెలియదు. అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు, ఇప్పుడు అతనికి డెబ్బై దాటాయి.

సరే, పని సంగతికి వస్తాను.

ఇంజనుతో వచ్చిన పుస్తకం మొదట తీయండి. ఇంగ్లీషులో ఉందని దానిని అటక మీద పెట్టవద్దు. ఇంట్లో చదువుకునే పిల్ల ఉంటే చదివించండి. ఇంజనుకు ఇంజనుకు లెక్క మారుతుంది గనుక ఇక్కడ నేను వ్రాసినదానికీ దానికీ తేడా వస్తే పుస్తకం మాటే వినండి. చిన్న డీజిలు ఇంజన్ల పుస్తకాలలో ఎక్కువగా కనబడేది ఏమనగా, మొదటి 50 గంటలు పూర్తి బలంలో సుమారు 70 శాతం దాటించవద్దు. దినమునకు అయిదారు గంటల చొప్పున అది తొమ్మిది పది దినములు అవుతుంది. మీ అబ్బాయి లెక్కా అదే అయి ఉంటుంది.

పెట్రోలుతో నడిచే అవుట్‌బోర్డు ఇంజన్లకు వ్యవధి తక్కువ, పది గంటలు. మొదటి గంట సగం రేజు, రెండవ గంట ముప్పావు, మిగిలిన ఎనిమిది గంటలు ఎలాగైనా నడపవచ్చు గాని పూర్తి రేజులో ఒక్కసారికి అయిదు నిమిషాలు మించవద్దు అని చాలా వాటిలో ఉంటుంది. పెట్రోలులోనే ఆయిలు కలిపే రకమైతే ఆ పది గంటలకు ఆయిలు రెట్టింపు కలపమంటారు. తరువాత 50 లీటర్లకు ఒక లీటరు కలిపేచోట అప్పుడు 25 లీటర్లకు ఒకటి.

స్టార్టు చేయకముందు ఆయిలు కడ్డీ తీసి చూడాలి. పెట్టెలోంచి తీసిన కొత్త ఇంజనులో ఆయిలు పోసి ఉంటుందని అనుకోవద్దు. చాలావాటిని ఖాళీగానే పంపుతారు. పడవ ఒరిగి ఉన్నప్పుడు కాక సమంగా ఉన్నప్పుడు చూడాలి.

ఒక సంగతి నవ్వుతూనే చెబుతాను గాని నొచ్చుకోవద్దు. కొత్త పడవను దించే దినమున పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయించుకోవడం మన పల్లెలలో ఉన్నదే, మంచిదే. అయితే ఆమేన్ అన్న మాట పూర్తి కాకముందే యువకులు పడవలోకి దూకి, పంకా ఇసుక మీద ఉండగానే, ఊరంతా వినబడాలని ఇంజనును రేజు చేస్తారు. భారం లేకుండా రేజు చేయడం కొత్త ఇంజనుకు చేసే కీడులలో పెద్దది. నీటితో చల్లబడే ఇంజనైతే లోపల నీరు తోడే రబ్బరు చక్రం ఒడ్డు మీద నీరు లేక నిమిషాలలో కాలిపోతుంది కూడ. పంకా నీటిలో దిగాక, కొద్ది నిమిషాలు మెల్లగా తిరిగి వేడెక్కాక, అప్పుడు కదలండి.

తరువాత పావుగంట సగం రేజు, అయిదు పది నిమిషాలు ఇంకొంచెం, మళ్ళీ తగ్గించి, మళ్ళీ పెంచి, అలా మార్చుతూ ఉండాలి. ఒకే చప్పుడులో గంటల తరబడి పోనివ్వవద్దు. వల వేసి కాచుకొనేటప్పుడు ఇంజను ఆపివేయండి. ఏడుగురు ఎక్కే చోట ముగ్గురు నలుగురు చాలు. వలలు సగం చాలు. జూన్ నెలలో సముద్రం గరుకుగా ఉంటుంది గనుక, హోప్ ఐలాండు అడ్డుగా ఉన్న కాకినాడ అఖాతంలో నీరు కొంత నెమ్మదిగా ఉంటుంది గనుక, ఆ తట్టున తిప్పుకోవడం మంచి ఆలోచన. ఏదైనా అయితే ఒడ్డు దగ్గర, సహాయం దగ్గర. తెడ్లు, లంగరు, లైఫ్ జాకెట్లు ఇంజను కొత్తదని ఇంట్లో వదలవద్దు. కోస్టు గార్డు వారి 1554 నంబరు పడవలో ఉన్న ప్రతివాని ఫోనులోను ఉండాలి.

పొగను చూస్తూ ఉండండి. నల్లని పొగ ఎడతెగక వస్తే భారం ఎక్కువైనదని, లేక పంకా ఆ ఇంజనుకు పెద్దదని అర్థం. ఈ రెండవది మన పల్లెలలో తరచుగా జరుగుతుంది. పక్కవాడి పడవ జోరుగా పోతున్నదని అతని పంకా వంటిదే తెచ్చి బిగిస్తారు. అతని ఇంజను వేరు, ఇతని ఇంజను వేరు. చల్లగా ఉన్నప్పుడు తెల్లపొగ కొద్దిగా వస్తే భయపడనక్కరలేదు. వేడెక్కిన తరువాత కూడ అలాగే వస్తే చూపించండి. నీలం పొగ మొదటి గంటలలో కొంచెం రావచ్చు. దినదినానికి తగ్గాలి.

ఆయిలు ఎంత పోశారో ఒక నోటుబుక్కులో వ్రాసుకోండి. ఇది అన్నింటికంటె తేలికైనది, ఎవరూ చేయనిది. మొదటి దినములలో ఇంజను కాస్త ఎక్కువ త్రాగుతుంది. తరువాత తగ్గి ఒకచోట నిలుస్తుంది. అలా నిలిచిన దినమే రింగులు సరిపోయినట్టు. ఆ లెక్క చూడకుండా చప్పుడు విని చెప్పగలమనేవారిని నేను నమ్మను, నా చెవులను కూడ నమ్మను.

మొదటి దినం తిరిగి వచ్చాక బోల్టులన్నీ ఒకసారి చూడాలి. ఇంజను అదురుకు పడవకు బిగించిన బోల్టులు వదులవుతాయి, డీజిలు గొట్టాల కీళ్ళు చెమ్మగిల్లుతాయి. హెడ్డు బోల్టులు, టాపెట్టు సందు మాత్రం తెలిసిన మెకానిక్కు చేత, పుస్తకంలోని కొలత ప్రకారం చూపించండి. కర్ర పడవల వారికి ఇంకొక మాట. కొత్త కర్ర నీటిలో పడి ఉబ్బుతుంది, పడవ ఆకారం రవ్వంత మారుతుంది. ఒడ్డు మీద తిన్నగా కూర్చిన ఇంజను, పంకా కడ్డీ నీటిలో దిగిన తరువాత తిన్నగా ఉండకపోవచ్చు. కొన్ని దినములు నీటిలో నిలిచాక ఆ కూర్పు మరల చూడాలి. ఫైబరు పడవకు ఈ ఉబ్బుడు లేదు. 1979లో మద్రాసు కేంద్రంగా బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం మొదలై, ఇసుక ఒడ్డుకు ఎక్కగల ఫైబరు పడవలను, పైకి ఎత్తుకోగల పంకాను పరీక్షించి చూపించిన తరువాత మన కుర్రవాళ్ళకు ఆ బాధ తగ్గింది గాని, బోల్టులు వదులయ్యే బాధ అందరికీ ఒకటే.

ఫ్యాక్టరీలో నడిపి చూచే గదా పంపుతారు, ఇంకా మనమెందుకు అని ఒకాయన నాతో వాదించాడు. అక్కడ నడిపేది కొద్దిసేపు, పని చేస్తున్నదో లేదో చూడటానికి. ఇప్పటి ఇంజన్లు 1988 నాటివాటికంటె ఎంతో సన్నగా, సరిగా తయారవుతున్నమాట నిజమే. అయినను మొదటి గంటల నియమం పుస్తకంలోంచి ఎవరూ తీసివేయలేదు. ఈ ఇంజనుకు తన పేరు మిగిల్చిన రుడాల్ఫ్ డీజిల్ 1892లో పేటెంటు కోరి, సరిగా నడిచే ఇంజనును 1897లో గాని చూపించలేకపోయాడు. ఆయన అయిదేళ్ళు ఆగినచోట మనము పది దినములు ఆగవచ్చును. 1913లో ఓడ మీద ఇంగ్లండుకు వెళ్తూ ఆయన సముద్రంలోనే కనిపించకుండా పోయాడు. ఇది సందర్భం కాదు గాని, పడవలవారికి చెప్పినప్పుడల్లా ఒక్క నిమిషం మౌనంగా ఉంటారు.

అమ్మా, డబ్బు సంగతి తేలిక చేసి మాట్లాడడం లేదు. వడ్డీ పది దినములు ఆగదు. ఇంజను కొనేటప్పుడే ఈ పది దినముల డీజిలు ఖర్చు, ఇంటి ఖర్చు కూడ ధరలో భాగమని లెక్క వేసుకోవాలి. ఎవరూ వేయరు, మేమూ వేయలేదు. వీలున్నవారు ఇంజనును నిషేధం ముగిసే దినానికి కాక, ఇంకా కొంత ఆలస్యంగానైనా ఒత్తిడి లేనప్పుడు దించుకుంటే మేలు. ఇప్పుడు మీరు చేయగలిగినది ఒకటున్నది. సాయంకాలం అతడు ఒడ్డు ఎక్కినప్పుడు "ఎంత పడింది?" అని అడగకండి. "ఎన్ని గంటలైంది?" అని అడగండి.

50 గంటలు కాగానే, లేక పుస్తకంలో చెప్పిన గంటకు, మొదటి ఆయిలు తీసివేసి, ఫిల్టరు ఉంటే మార్చి, కొత్తది పోయాలి. అది బాగానే ఉంది, ఇంకొన్నాళ్ళు వాడదామని పొదుపు చేయవద్దు. అరిగిన ఇనుప పొడి అంతా దానిలోనే ఉంటుంది. వేడిగా ఉన్నప్పుడే తీస్తే పొడి అంతా దానితో పోతుంది. వెలుతురులో చూస్తే సన్నని మెరుపు కనబడుతుంది, అది ఉండవలసినదే. వేళ్ళతో పట్టుకోగల ముక్కలు ఉంటే మాత్రం ఇంజనును ఇక తిప్పక మెకానిక్కును పిలవాలి. ఆ పాత ఆయిలును నీటిలోగాని ఇసుకలోగాని పోయవద్దు. డబ్బాలో పట్టి ఉంచితే పాత ఆయిలు కొనేవారు ఉన్నారు.

ఈ కాలమ్ వ్రాసి ముగించబోతుండగా ఆ తల్లి నుండి రెండవ ఉత్తరం వచ్చింది. అదే గుండ్రని అక్షరాలు. ఆయిలు మార్చిన దినమున ఆమె స్వయంగా ఒడ్డుకు వెళ్ళి నిలబడి చూచినదట. కాటుకలా నల్లగా ఉండటం చూచి గుండె ఆగినంత పని అయినదని వ్రాశారు. అమ్మా, డీజిలు ఇంజనులో ఆయిలు మసివల్ల కొద్ది గంటలకే నల్లబడుతుంది, దానికి భయపడనక్కరలేదు. మెరుపు సన్ననిదే ఉన్నదని మనుమరాలు చీటీ చివర తానే చేర్చింది. తమ్ముడుగారు ఇప్పుడు ఆ పడవ మీదే కలాసీగా వెళ్తున్నారట. సావుకారి సంగతి ఏమీ వ్రాయలేదు.